ఇంటి ముంగిట పచ్చిక: ఏ గడ్డి మేలు?

'మన పెరటి తోట' శీర్షికకు తొలకరి ముందు వచ్చే ఉత్తరాలలో సగానికి పైగా పచ్చికను గురించే ఉంటాయి. ఈసారి మన టౌన్‌షిప్‌లో నివసిస్తున్న ఒక సోదరి రాసిన ఉత్తరం ప్రత్యేకంగా ఆలోచింపజేసింది. వారి క్వార్టరు ముందు పెద్ద మామిడిచెట్టు ఉంది. అంతకుముందు ఆ ఇంట్లో ఉండి బదిలీపై వెళ్ళిపోయిన కుటుంబం నాటిన చెట్టట అది. దాని కింద వీరు మొదట గరిక విత్తనం చల్లించారు. మొలిచింది, పలచబడింది, పోయింది. మరుసటి ఏడు నర్సరీ నుంచి కొరియన్ గడ్డి తెప్పించి పరిపించారు. అదీ నిలవలేదు. చివరకు తోటపనివాడు చెట్టు కొట్టించక తప్పదని తేల్చాడు. ఏం చేయమంటారని ఆ సోదరి ప్రశ్న.

సమాధానం మొదటే చెబుతాను. చెట్టును కొట్టించవద్దు. లోపం చెట్టుదీ కాదు, నేలదీ కాదు. ఆ చోటుకు తగని గడ్డిని రెండుసార్లు ఎంచుకోవడమే జరిగిన పొరపాటు. పైగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టును నరకడానికి అనుమతి కావాలి. క్వార్టర్లలోని చెట్ల విషయంలో టౌన్ అడ్మినిస్ట్రేషన్ వారి అనుమతి సరేసరి. ఇరవై ఏళ్ళ నీడను రెండు నెలల గడ్డి కోసం పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా లాభసాటి బేరం కాదు.

గడ్డి కంటే ముందు చోటును చూడండి

చాలామంది నర్సరీకి వెళ్ళి, అక్కడ పచ్చగా కనిపించిన గడ్డిని తెచ్చుకుంటారు. నర్సరీలో అది పూర్తి ఎండలో, రోజూ తడిలో పెరిగినదన్న సంగతి గమనించరు. కనుక కొనుగోలుకు వెళ్ళేముందు ఇంటివద్దనే మూడు విషయాలు పరిశీలించుకోవాలి.

మొదటిది ఎండ. ఒక సెలవు రోజున ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు, రెండేసి గంటలకొకసారి, ఎండ పడిన మేరకు నేలపై సున్నంతో గీత గీయండి. సాయంత్రానికి మీ ముంగిట ఏ భాగానికి ఎన్ని గంటల ఎండ వస్తున్నదో స్పష్టంగా తెలుస్తుంది. ఆరు గంటలకు మించి ఎండ తగిలే చోటు ఒక రకం, మూడు నాలుగు గంటలు తగిలేది మరో రకం. అంతకంటే తక్కువైతే అక్కడ గడ్డి ఆశ వదులుకోవడమే మంచిది.

రెండవది నీరు ఇంకే తీరు. అడుగు లోతు గుంట తవ్వి నిండా నీరు పోయండి. మరునాటి ఉదయానికి కూడా నీరు నిలిచి ఉంటే అక్కడ మురుగు పోయే సౌకర్యం కల్పించనిదే ఏ గడ్డీ బాగుపడదు. నల్లరేగడి నేలల్లో ఇది సర్వసాధారణం. బోరునీరు వాడేవారు ఆ నీటిలోని ఉప్పును కూడా గమనించాలి. కుండీల అంచులపైన, కుళాయి మూతిపైన తెల్లని పొర కడుతూ ఉంటే ఆ నీటిని పరీక్ష చేయించుకోవడం మంచిది.

మూడవది ఆ పచ్చికతో మీకు గల పని. పిల్లలు క్రికెట్ ఆడతారా? ఉదయం పెద్దవారు నడుస్తారా? లేక కిటికీలోంచి చూసి ఆనందించడానికేనా? తొక్కిడికి తట్టుకొనే శక్తి అన్ని గడ్డులకూ ఒకే విధంగా ఉండదు.

మనకు అందుబాటులో ఉన్న రకాలు

గరిక: వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా మనకు తెలిసినదే ఇది. హిందీలో దూబ్, కన్నడంలో గరికె, తమిళంలో అరుగంపుల్. ఎండ ఉన్నచోట దీనికి సాటి వచ్చే గడ్డి మన మైదాన ప్రాంతాలలో లేదనే చెప్పాలి. నేలపైన పాకే కాండంతోను, నేలలోపల సాగే కాండంతోను రెండు విధాలా వ్యాపిస్తుంది కనుక, పిల్లలు తొక్కినచోట తానే మళ్ళీ అల్లుకుంటుంది. నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, కొంత ఉప్పుకూ తట్టుకుంటుంది. ఓర్వలేనిది ఒక్క నీడనే. నర్సరీలలో 'సెలక్షన్ వన్' పేరిట అమ్మేది సన్నని ఆకుగల గరిక రకమే.

ఈ గడ్డి ఘనతకు ఢిల్లీలోని రాష్ట్రపతి భవన్ ఉద్యానమే సాక్ష్యం. 2023 జనవరిలో 'అమృత్ ఉద్యాన్'గా పేరు మారిన మొఘల్ గార్డెన్స్‌లో మొక్కలు నాటే పని 1928-29లో జరిగింది. అక్కడి పచ్చిక కోసం దూబ్ గడ్డిని కలకత్తా నుంచి తెప్పించారు. ఏటా వర్షాలకు ముందు ఆ పచ్చికను మొత్తం తొలగించి, కొత్త మట్టి పరుస్తారు. సుమారు మూడు వారాలలో గడ్డి మళ్ళీ అల్లుకుంటుంది. వినాయకుడికి రెండు పోచలు పెట్టే గడ్డే అక్కడా పరుచుకొని ఉన్నదన్నమాట.

సంకర గరికలు: గోల్ఫ్ మైదానాలలో కనిపించే టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌వే వంటివి ఈ కోవలోనివి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గల టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో రూపొందినవి. టిఫ్‌వే 1960లోను, టిఫ్‌డ్వార్ఫ్ 1965లోను విడుదలయ్యాయి. ఇవి విత్తనం కట్టవు. కాండం ముక్కలతోనే నాటాలి. చూపునకు తివాచీలా ఉంటాయి గాని వారానికి రెండు మూడు కోతలు, తరచుగా ఎరువు కోరుతాయి. షిఫ్ట్ డ్యూటీలు చేసే ఇళ్ళలో ఇవి భారమే అవుతాయి.

జోయిసియా జాతి గడ్డులు: కొరియన్ గడ్డి, మనీలా గడ్డి ఈ జాతివే. కొరియన్ గడ్డి కోయకుండా వదిలితే చిన్నచిన్న మెత్తని దిబ్బలుగా పెరిగి కనువిందు చేస్తుంది. కాని ఎదుగుదల చాలా నిదానం. ఒకసారి దెబ్బతింటే మళ్ళీ కప్పుకోవడానికి నెలలు పడుతుంది. పిల్లలు ఆడే చోటికి పనికిరాదు. మనీలా గడ్డి కొద్దిపాటి నీడను మెరుగ్గా సహిస్తుంది.

వెడల్పాకు గడ్డులు: సెయింట్ అగస్టీన్, కార్పెట్ గడ్డి అనే రెండూ నీడను తట్టుకొనేవే. మొదటిది ఉప్పునూ తట్టుకుంటుంది. రెండవది ఉప్పునీటిని ఏమాత్రం సహించదు, తేమగల నేలను కోరుతుంది. రెండింటికీ తొక్కిడిని తట్టుకొనే శక్తి తక్కువ.

సముద్రతీరపు పాస్పాలమ్: ఉప్పుగాలి, ఉప్పునీరు తప్పని తీరప్రాంతపు యూనిట్లలో గరిక కూడా ఇబ్బంది పడే చోట పరీక్షించదగిన గడ్డి. అయితే దీనికీ ఎండ తప్పనిసరి.

ఒక హెచ్చరిక. నర్సరీలలో పేర్లకు నిలకడ లేదు. 'బఫెలో' అంటే ఒకచోట సెయింట్ అగస్టీన్, మరొకచోట కార్పెట్ గడ్డి. 'కార్పెట్' అంటే కొందరు కొరియన్ గడ్డిని ఇస్తారు. కనుక పేరును నమ్మి డబ్బు చెల్లించకండి. ఆకు వెడల్పు చూడండి, ఏ చోట పెరిగినదో అడగండి. చదరపు అడుగు మేర తెచ్చి మీ ముంగిట నెలరోజులు పెంచి చూసిన తరువాతే మిగిలినది కొనండి.

కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ వంటి శీతల ప్రాంతపు గడ్డులు శ్రీనగర్, సిమ్లా వంటి చల్లని చోట్లకు తగినవి. సూటుకేసులో విత్తనం తెచ్చి మన వేసవిలో చల్లితే నిరాశే మిగులుతుంది. ఉత్తరాది యూనిట్లలో పనిచేసే సోదరులకు మరొక మాట. చలికాలంలో గరిక గోధుమరంగుకు తిరుగుతుంది. చచ్చిపోయిందనుకొని తవ్వించకండి. అది నిద్రలో ఉంటుంది, ఎండలు ముదరగానే మేలుకుంటుంది.

నీటి లెక్క

పచ్చిక ముచ్చట పడేవారు తప్పక వేసుకోవలసిన లెక్క ఒకటుంది. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. వేసవిలో పచ్చికకు రోజుకు సగటున నాలుగు మిల్లీమీటర్ల నీరు కావాలనుకుందాం. నూరు చదరపు మీటర్ల పచ్చిక రోజుకు 400 లీటర్లు తాగుతుంది. మురుగునీటి పారుదల సౌకర్యం గల పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు నిర్దేశించిన ప్రమాణం. అంటే ఆ పచ్చిక ముగ్గురు మనుషుల నీటిని తాగుతున్నదన్నమాట. మే నెలలో పై అంతస్తువారు బిందెలు పట్టుకొని నిలబడినప్పుడు, కింద మన గొట్టంలోంచి గడ్డిమీద నీరు పారుతుంటే అది అందం అనిపించుకోదు.

అందుచేత పచ్చికను అవసరమైనంత మేరకే వేసుకోండి. కూర్చోవడానికి, పిల్లలు దొర్లడానికి నలభై చదరపు మీటర్లు చాలు. అప్పుడు లెక్క 160 లీటర్లకు దిగుతుంది. రోజూ పైపైన చిలకరించడంకన్నా వారానికి రెండు మూడుసార్లు లోతుగా తడపడం మేలు. వేరు నీటిని వెదుక్కుంటూ లోతుకు పోతుంది. వేసవిలో గరిక కొంత వన్నె తగ్గినా కంగారు పడనక్కరలేదు. తొలకరితో తిరిగి లేస్తుంది. ఈ బాధ పడలేక ప్లాస్టిక్ గడ్డి పరిచేవారు ఈమధ్య కనిపిస్తున్నారు. మన ఎండలో అది అరికాలు మోపలేనంతగా వేడెక్కుతుందని మరువరాదు.

నాటే విధానం

తొలకరికి రెండు మూడు వారాల ముందే నేలను అడుగు లోతు తవ్వి, రాళ్ళు ఏరి, ఎండబెట్టండి. ఒకటి రెండుసార్లు తడిపి, మొలిచిన కలుపును పీకించండి. తుంగగడ్డలను ఈ దశలోనే ఏరివేయాలి. పచ్చిక అల్లుకున్న తరువాత తుంగను వదిలించుకోవడం బ్రహ్మప్రళయం. రెండంగుళాల మందాన బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ వేస్తే కలుపు విత్తనాలను చేజేతులా చల్లినట్టే. ఇంటి గోడ నుంచి బయటకు, మూడు మీటర్లకు నాలుగు సెంటీమీటర్ల చొప్పున వాలు ఉంచండి.

విత్తనమైతే చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు గ్రాములు, పొడి ఇసుకతో కలిపి చల్లాలి. వేళ్ళున్న కాండం ముక్కలైతే ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల ఎడంగా గుచ్చాలి. ఖర్చు తక్కువ, ఫలితం నమ్మకం. గరిక రెండు మూడు నెలల్లో నేలను కప్పుతుంది. గడ్డి చాపలు పరిస్తే అదేరోజు పచ్చదనం కనిపిస్తుంది గాని ఖర్చు హెచ్చు. వాటి మట్టిలో తుంగగడ్డలు కూడా వస్తాయి, తిరగేసి చూసుకోవాలి.

కోతకు ఒక్కటే సూత్రం: ఒక్కసారికి పోచ ఎత్తులో మూడోవంతుకు మించి కోయరాదు. గరికను నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఉంచాలనుకుంటే ఆరు సెంటీమీటర్లు కాగానే కోయండి. నీడలో ఉన్న వెడల్పాకు గడ్డిని ఇంకా ఎత్తుగా, ఆరేడు సెంటీమీటర్లు ఉండనివ్వండి. ఎండ తక్కువైనచోట ఆకే దానికి ఆధారం. యూరియా వేసేటప్పుడు నూరు చదరపు మీటర్లకు ఒక కిలోకు మించకుండా వేసి, వెంటనే బాగా తడపాలి. లేనిచో గడ్డి మాడిపోతుంది.

ఆ సోదరికి సమాధానం

ఇక మామిడిచెట్టు సంగతి. అమ్మా, మీ ముంగిలిని మూడు భాగాలుగా చూడండి. మొదలు చుట్టూ ఐదడుగుల మేర గడ్డి ఆలోచనే వద్దు. రాలిన ఆకులనే అక్కడ పరిచి ఉంచండి. తేమ నిలుస్తుంది, చెట్టుకూ ఎరువవుతుంది. ఆ తరువాతి భాగంలో మూడు నాలుగు గంటల ఎండ తగిలేచోట వెడల్పాకు గడ్డి నాటండి. మీ నీటిలో ఉప్పు ఉంటే సెయింట్ అగస్టీన్, మంచినీరైతే కార్పెట్ గడ్డి. అంతకన్నా నీడగా ఉంటే మాండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్ వంటి నీడమొక్కలు పెట్టండి. కొమ్మల నీడ దాటిన అంచున మీరు మొదట కోరుకున్న గరికనే వేయండి, ఈసారి తప్పక నిలుస్తుంది. కాయ కోత అయిన తరువాత అనుమతి తీసుకొని, బాగా కిందికి వాలిన కొమ్మలను కొద్దిగా తీయిస్తే వెలుతురు మరికొంత వస్తుంది.

మన క్వార్టర్ల బ్రతుకులో నాటేవారొకరు, అనుభవించేవారొకరు. ఆ మామిడిని నాటిన కుటుంబం దాని కాపును ఎన్నేళ్ళు తిన్నదో గాని, ఈనాడు పండ్లు మీ ఇంట్లో ఉన్నాయి. రేపు మీకూ బదిలీయో, పదవీ విరమణయో వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో దిగే పిల్లలకు చెట్టూ ఉండాలి, దాని పక్కన దొర్లడానికి కాస్త గరికా ఉండాలి.

వచ్చే సంచికలో: మామిడి కొమ్మల కత్తిరింపు - ఎప్పుడు, ఎంత?