రెండు డిస్కులు ఉండాల్సిందే, అయినా అవి చాలవు

పాత కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేశాం, ఇంక భయం లేదు అనే ఇళ్లు మన బంధువుల్లో పెరుగుతున్నాయి. మంచిదే. కానీ ఆ కంప్యూటర్లో ఉండేది ఒక్క డిస్కే అయితే భయం పోలేదు, చోటు మారిందంతే. చెదలు కాగితాన్ని అంచు నుంచి తింటాయి, మొత్తం పోయేలోపల ఎవరో ఒకరి కంట పడుతుంది. డిస్కు అట్లా కాదు. చాలాసార్లు చెప్పాపెట్టకుండా ఉన్నదంతా తీసుకొని పోతుంది.

అందుకే మా మాట ఇది. ఇంటి పాత సంగతులు దాచడానికి ఒక కంప్యూటర్ పెట్టేవాళ్లు, అందులో లైనక్స్ ఎక్కించే రోజే రెండు డిస్కులు బిగించి సాఫ్ట్‌వేర్ రెయిడ్ చేసుకోవాలి. చేసినాక దాన్నే నమ్ముకొని కూర్చోకూడదు.

హోసూరు పక్క ఉండే మనకు ఇది ఇంకా ముఖ్యం. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూశాం మనం: మొదట సేలం, 1965 నుంచి ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. పత్రం పోతే నాలుగు ఆఫీసులు తిరిగైనా నకలు తెచ్చుకోవచ్చు. అవ్వ రాగులు విసురుతా పాడిన పాటకు, తాత సంత బేరాల కథ చెప్పిన తీరుకు, "వస్తా ఉండాను, పోతా ఉండాను" అనే మన మాటకు నకలిచ్చే ఆఫీసు లేదు. మన యాస పుస్తకాల్లోకి ఎక్కింది కొంచెమే. మిగిలిందంతా ఇళ్లలోనే ఉంది.

రెయిడ్ అనే పేరు 1988లో అచ్చయిన ఒక పరిశోధన పత్రంతో వాడుకలోకి వచ్చింది. దాన్ని రాసినవాళ్లు అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చన్నది వాళ్ల ఆలోచన. ఇందులో చాలా రకాలు ఉన్నా, ఇంటికి చాలినది రెయిడ్ 1. ఏది రాసినా రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుంది. 2 టీబీ డిస్కులు రెండు పెడితే దొరికే చోటు 2 టీబీయే. సగం దండగ కదా అని రెయిడ్ 0 పక్క చూడొద్దు. అందులో 4 టీబీ వస్తుంది గానీ, రెండింట్లో ఏ ఒక్కటి పోయినా అంతా పోయినట్టే.

ఇన్‌స్టాల్ చేసే రోజే ఎందుకు? తర్వాత కూడా చేయొచ్చు, కానీ ఉన్న ఫైళ్లన్నీ అటూ ఇటూ మార్చే తంటా. మొదటి రోజైతే నాలుగైదు తెరల పని. డెబియన్‌లో డిస్కు పంచుకునే దగ్గర మాన్యువల్ పద్ధతి ఎంచుకొని, రెండు డిస్కుల్లోనూ ఒకే సైజు పార్టిషన్లు చేసి, అవి రెయిడ్ కోసమని గుర్తు పెట్టాలి. సాఫ్ట్‌వేర్ రెయిడ్ మెనూలోకి పోయి రెయిడ్ 1, పనిచేసే డిస్కులు 2, స్పేర్ 0 అని చెప్పాలి. అప్పుడు పుట్టే ఎండీ డివైస్ మీదనే ఎక్స్‌టీ4 వేసి సిస్టమ్ ఎక్కించాలి.

ఇక్కడ చాలామంది మరిచేది బూట్ సంగతి. పాత బయోస్ మెషీన్ అయితే గ్రబ్‌ను రెండు డిస్కుల మీదా వేయాలి. యూఈఎఫ్ఐ అయితే బూట్ పార్టిషన్ రెండో డిస్కులో కూడా చేసి, అందులో ఉండాల్సినవి మనమే నింపాలి. లేకుంటే మొదటి డిస్కు పోయిన రోజు ఫైళ్లు రెండోదాంట్లో భద్రంగానే ఉంటాయి, మెషీన్ మాత్రం లేవదు. ఫైళ్లు పెట్టకముందే మెషీన్ ఆపి, ఒక డిస్కు వైరు పీకి, మళ్లీ లేస్తుందో లేదో చూడండి. తర్వాత రెండోదాని వంతు. పీకిన డిస్కును తిరిగి చేర్చి, రెండూ పూర్తిగా సమం అయినాకే దాన్ని చూడాలి.

రెయిడ్ కార్డు కొంటే పోలేదా అని అడుగుతారు. కార్డు చెడిపోతే చాలాసార్లు అట్లాంటి కార్డే మళ్లీ వెతకాలి. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో లెక్కంతా డిస్కుల మీదే రాసి ఉంటుంది. ఇంకో లైనక్స్ మెషీన్‌కు తగిలించి, ఎండీఆడ్మ్ అనే ఉచిత పనిముట్టుతో జత కలిపించుకోవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత మనవడు తెరవాల్సిన పెట్టెకు ఇదే నయం.

ఒక డిస్కు పోయినా మెషీన్ ఏమీ ఎరగనట్టు నడుస్తానే ఉంటుంది. అసలు అపాయం అదే. రెండోది కూడా పోయినాక చూస్తే దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే. ప్రతి అమావాస్యకు ఎండీస్టాట్ ఫైలు తెరిచి చూడండి. రెండు యూ అక్షరాలు ఉంటే రెండూ బాగున్నాయి. ఒక యూ పక్కన గీత ఉంటే వెంటనే కొత్త డిస్కు తెచ్చి చేర్చండి.

అయినా రెయిడ్ బ్యాకప్ కాదు. పిల్లోడు ఫోల్డరు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. పిడుగు, దొంగ, వైరస్ రెండింటినీ ఒక్కటిగానే చూస్తాయి. క్లౌడ్ ఉంది కదా అంటారు. ఉండనీండి, కానీ ఆ ఖాతా ఒకరి ఫోను, ఒకరి పాస్‌వర్డు మీద నిలబడి ఉంటుంది. ఆ మనిషి లేని రోజు తలుపు ఎవరు తీస్తారు?

మేము చెప్పేది సులభం. బయటి డిస్కులు రెండు తీసుకొని ఒకటి మన ఇంట్లో, ఇంకొకటి వేరే ఊర్లో ఉండే బంధువుల ఇంట్లో పెట్టండి. చంద్రచూడేశ్వరుడి తేరుకు అందరూ ఊరికి వస్తారు గదా. అప్పుడు కొత్త నకలు ఎక్కించిన డిస్కు వాళ్లకిచ్చి, పాతది తెప్పించుకోండి. ఎట్లా తెరవాలో ఒక కాగితం మీద తెలుగులోనూ తమిళంలోనూ రాసి డిస్కుతోపాటే పెట్టండి. మన తర్వాతివాళ్లు ఏ లిపి చదువుతారో ఇప్పుడే ఎవరు చెప్పగలరు!