ఇంట్లో పిలిచిన పేరే బడిలోనూ



అటెండెన్స్ రిజిస్టర్‌లో 'ఇ-యు-ఎన్-ఐ-సి-ఇ' అని ఒక పేరుంటే, ఇంగ్లిష్ పద్ధతిలో అది 'యూనిస్'. ఇంట్లో అవ్వ పిలిచేది మాత్రం 'యునీకే'. మన చిత్తూరులో తరచుగా వినపడే పేరు కాదు కాబట్టి, మొదటి రోజు టీచర్ ఎలా పిలిస్తే క్లాసంతా అలాగే పిలుస్తుంది. ఆ పిలుపే టెన్త్ దాకా నిలిచిపోతుంది.

ఇది గ్రీకు పేరు. 'యు' అంటే మంచి, 'నీకే' అంటే విజయం. మనం 'సు' చేర్చి సుగుణ, సుమతి అని పెట్టుకుంటాం కదా, అలాగే తెలుగులో చెప్పాలంటే 'సువిజయ'. పిల్లల బూట్ల మీద కనిపించే నైకీ కూడా ఈ మాటే. అది గ్రీకుల విజయదేవత పేరు. బైబిల్‌లో యునీకే తిమోతికి తల్లి, లోయి అతని అవ్వ. అవ్వలో, తల్లిలో ఉన్న విశ్వాసమే తిమోతిలోనూ ఉందని పౌలు అతనికి రాసిన రెండో లేఖలో కనిపిస్తుంది. తెలుగు బైబిల్ ఈ పేరును గ్రీకు పలుకుకు దగ్గరగా రాసింది. ఇంగ్లిష్‌లో 'క' కాస్తా 'స' అయింది, చివరి అచ్చు రాలిపోయింది. అంటే అవ్వ పిలుపే అసలు పేరుకు దగ్గర.

"ఇంగ్లిష్ మీడియం కదా మేడం, స్టైల్‌గా యూనిస్ అనే పిలవండి" అనే తల్లిదండ్రులూ ఉంటారు. యూనిస్ తప్పు కాదు. మీరే ఆ పిలుపు కోరుకుని పెట్టి ఉంటే అలాగే పిలుస్తాం. కానీ స్పెల్లింగ్ చూసి బడి మీ పాప పేరు మార్చకూడదని ఇంగ్లిష్ టీచర్‌గా నా అభిప్రాయం. ఇంగ్లిష్ నేర్చుకోవడానికి పేరు వదులుకోనక్కర్లేదు. మునెమ్మ, మునిరత్నం లాంటి మన ప్రాంతపు పేర్లకూ ఇదే వర్తిస్తుంది. నలుగురిలో పూర్తి పేరు చెప్పడానికి జంకే పిల్ల, జవాబు తెలిసినా చెయ్యెత్తడానికి జంకుతుంది.

అందుకే మూడు విన్నపాలు. డైరీ మొదటి పేజీలో మీ బిడ్డ పేరు తెలుగులో, మీరు పలికినట్టే రాసి పంపండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డుల్లో స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో టెన్త్‌కు రాకముందే సరిచూసుకోండి. టెన్త్ సర్టిఫికెట్‌లో పడిన పేరే జీవితాంతం వెంట వస్తుంది. మూడోది, పేరుకు అర్థమేమిటో, ఎవరు పెట్టారో బిడ్డకు చెప్పండి. జార్జ్ అంటే గ్రీకులో రైతు, సోఫియా అంటే జ్ఞానం. తన పేరుకు అర్థం తెలిసిన బిడ్డ, ఎవరైనా తప్పుగా పిలిచినప్పుడు "అలా కాదు మేడం, ఇలా" అని ధైర్యంగా చెప్పగలదు. ఆ మాట వినడానికి టీచర్లుగా మేమూ సిద్ధంగా ఉండాలి.