నెత్తిమీద నాట్లు

"చిన్నదే కదా!"

ఆడవాళ్ళని ఇంతకాలంగా బోల్తా కొట్టిస్తూ వచ్చిన మాట ఏదైనా ఉంటే, అది ఇదేనంటాను నేను. "చిన్న ఉద్యోగమే గానీ కుర్రాడు బంగారం" అన్నారు, నమ్మాం. "చిన్న అప్పే, పంట చేతికి రాగానే తీర్చేద్దాం" అన్నారు, గాజులు తీసిచ్చాం. ఆ చిన్నవన్నీ ఎంత పెద్దవో నెత్తిన పడ్డాకగానీ తెలిసిరాలేదు. ఇప్పుడు మరో చిన్నది వచ్చింది. ఇది మాటవరసకి కాదండోయ్, నిజంగా నెత్తిమీదకే వచ్చింది!

మాది చోడవరం దగ్గర గోవాడ. చక్కెర ఫ్యాక్టరీ ఊరంటే చాలామందికి తెలుస్తుంది. మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మా అన్నయ్యకి నాలుగెకరాల చెరకు, ఒక్కగానొక్క కొడుకు. కుర్రాడికి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళు. సిగరెట్టు ముట్టడు, నెల తిరిగేసరికి తల్లికి డబ్బు పంపిస్తాడు. ఇన్ని సుగుణాలున్నవాడికి ఒకటే లోపం. నుదురు ఏటేటా కాస్త కాస్త వెనక్కి జరుగుతోంది.

మూడు సంబంధాలు వచ్చాయి, మూడూ తప్పిపోయాయి. మొదటివాళ్ళు జాతకం కలవలేదన్నారు. రెండోవాళ్ళు ఇప్పుడప్పుడే చెయ్యమన్నారు. మూడో పిల్ల తల్లి మాత్రం నోటికి అడ్డులేని మనిషి కాబోలు, "అబ్బాయి ఫోటో అడిగితే తండ్రి ఫోటో పంపించారేమిటండీ?" అంది. ఆ రాత్రి మా వదిన అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచింది. "విశాఖపట్నంలో జుట్టు నాటేచోటు ఉందట. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చట. చిన్నదేనట. నువ్వు కూడా రావాలి" అంది. అంతటితో ఊరుకుందా? "అంతా మీ పుట్టింటి బట్టతలే" అని ఓ చురక కూడా అంటించింది.

ముగ్గురం వెళ్ళాం. అద్దాల తలుపులు, చల్లటి గది, గోడనిండా 'ముందు-తర్వాత' బొమ్మలు. ముందు బొమ్మలో మనిషి ఏడుపు మొహంతో ఉంటాడు, తర్వాత బొమ్మలో నవ్వుతుంటాడు. జుట్టుతోపాటు నవ్వు కూడా నాటుతారు కాబోలు! లిప్‌స్టిక్కు వేసుకున్న ఓ అమ్మాయి వచ్చి కూర్చుంది.

"మొత్తం అక్కర్లేదాంటీ. ముందువైపు చిన్న ప్రొసీజరు. ఎనిమిది వందల గ్రాఫ్టులు. నొప్పి కూడా తెలీదు. ఇవాళే అడ్వాన్సు కడితే డిస్కౌంటుంది."

"ఎవరు చేస్తారమ్మా?" అన్నాను.

"మా టీమాంటీ."

"టీమంటే?"

"ఎక్స్‌పర్ట్సాంటీ."

"వాళ్ళలో డాక్టరెవరు?"

"డాక్టరుగారు వస్తూ ఉంటారాంటీ."

అదీ సంగతి! తోటలో నీళ్ళు కట్టడానికి కూలీకి వచ్చినవాణ్ణి కూడా ఏ ఊరు, ఎవరబ్బాయివని అడిగే మనం, కన్నకొడుకు తలమీద కత్తి పెట్టేవాడి పేరేమిటని అడక్కుండా అడ్వాన్సు కడతామా? మా వదిన అప్పటికే సంచిలోంచి డబ్బు తీస్తోంది. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. బస్టాండు దాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి పాత పత్రికలు తిరగేశాను. 2016 మే నెలలో చెన్నైలో ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఇలాగే సుమారు పన్నెండు వందల వెంట్రుకలు నాటించుకున్నాడు. వాడెవరనుకున్నారు? వైద్యవిద్యార్థి! ఎం.బి.బి.ఎస్. చివరి పరీక్ష అప్పుడే గట్టెక్కాడు. మధ్యలోనే ఒంట్లో తేడా చేసింది, రెండురోజుల్లో పోయాడు. మత్తు డాక్టరు పని పూర్తికాకుండానే వెళ్ళిపోయాడనీ, ఆ చోటుకి ఉన్నది సెలూను లైసెన్సనీ అప్పట్లో పత్రికలు రాశాయి. కాన్పూరులో 2024 నవంబరులో ఒక ఇంజనీరు, 2025 మార్చిలో మరో ఇంజనీరు జుట్టు నాటించుకున్నాక చనిపోయారు. నాటినవారు చదివింది దంతవైద్యమని పత్రికల్లో వచ్చింది. రెండో ఆయన భార్య పట్టు వదలకుండా తిరిగితేగానీ కేసు నమోదు కాలేదు.

ఇలాంటివి అరుదే, కాదనను. కానీ ఆ ఇళ్ళల్లో కూడా "చిన్నదే కదా" అనే అనుకుని ఉంటారు. చర్మం కిందికి సూది దిగి, మత్తు మందెక్కి, నాలుగైదు గంటలు తల అప్పగించాక అది ఆపరేషనే. ముత్తయిదువ కాళ్ళకి పసుపు రాసినంత చిన్నది కాదు. 2022లో జాతీయ వైద్య కమిషను ఈ విషయంలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ ఉన్న డాక్టరే చెయ్యాలనీ, వర్కుషాపులకి వెళ్ళినంత మాత్రాన, వీడియోలు చూసినంత మాత్రాన ఆ విద్య రాదనీ చెప్పింది. చెప్పాల్సి వచ్చిందంటే చూడండి, నేర్చుకునేవాళ్ళు అలా నేర్చుకుంటున్నారన్న మాటేగా!

తర్వాత మా మేనల్లుణ్ణి ఒక పెద్దాసుపత్రిలో చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ అద్దాల తలుపులూ లేవు, డిస్కౌంటూ లేదు. ఆయన అరగంట కూర్చోబెట్టి చెప్పింది నాకు పల్లెటూరి భాషలో ఇలా అర్థమైంది.

తల వెనకభాగం నారుమడి. ముందుభాగం ఎండిపోతున్న పొలం. నారు తీసి పొలంలో నాటడమే ఈ వైద్యం. మగ హార్మోను నుంచి ఒంట్లోనే తయారయ్యే ఒక పదార్థానికి ముందువైపు కుదుళ్ళు లొంగిపోతాయి, వెనకవైపువి లొంగవు. వెనక కుదురుని తెచ్చి ముందు పెట్టినా దాని గుణం దానిదే. న్యూయార్కులో ఓరెంట్రైక్ అనే డాక్టరు 1952లో బట్టతలకి ఈ నాట్లు మొదలుపెట్టి, 1959లో ఈ సంగతి ప్రకటించాడు. అంతకుముందే 1939లో జపానులో ఒకుడా అనే డాక్టరు కాలిన మచ్చల మీద జుట్టు నాటి చూపించాడట. అంచేత ఇది మంత్రమూ కాదు, మోసమూ కాదు. శాస్త్రమే.

కానీ వరినారుకీ దీనికీ ఒక తేడా ఉంది. వరికయితే ఏటా నారు పోసుకుంటాం. తలవెనక నారుమడిలో పీకినచోట మళ్ళీ మొలవదు. అంటే కొత్త వెంట్రుక ఒక్కటీ పుట్టదన్నమాట. నెలాఖరున పోపులడబ్బాలో చిల్లర తీసి పాలవాడికి ఇచ్చినట్టు, ఉన్నదాన్నే ఇటుది అటు సర్దడం. ముప్ఫై ఏళ్ళకే డబ్బా ఖాళీ చేసుకుంటే నలభై అయిదేళ్ళకి ఏం చేస్తారు? చుట్టూ ఉన్న పాత జుట్టు ఊడడం ఆగదు. అది పోతే నాటింది గోదారి మధ్య లంకలా నిలబడిపోతుంది. అందుకని మందులు కూడా వాడుతూనే ఉండాలి. అందులో ఫినాస్టెరైడ్ అనే మాత్ర మగవాళ్ళకే. ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన మాత్ర చేత్తో ముట్టుకోకూడదట. ఈ సంగతి ఆ లిప్‌స్టిక్కు అమ్మాయి మాటవరసకైనా అనలేదు.

మా వాడు అన్నీ విని, పదిరోజులు ఆలోచించుకుని, చేయించుకుంటానన్నాడు. ఆ డాక్టరే చేశారు. వెనకవైపు నున్నగా గొరిగి, బోర్లా పడుకోబెట్టి, మత్తు సూదులిచ్చారు. "నొప్పి తెలీదన్నది మత్తెక్కాక మాటత్తా, ఎక్కేదాకా ప్రతి సూదీ తెలిసింది" అన్నాడు వాడు. వారంరోజులు తలగడ ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం, సెలైను చిలకరించుకోవడం, దురద పెట్టినా గోకకపోవడం. మూడోరోజు నుదురంతా వాచి కళ్ళమీదకి దిగింది. మా వదిన శోకాలు మొదలెట్టింది. డాక్టరు ముందే చెప్పారు, వాపు అలా దిగి వారంలో తీసేస్తుందని. తీసేసింది. పదిరోజులకి చెక్కులు రాలిపోయాయి.

అసలు తమాషా నాలుగోవారంలో. నాటిన జుట్టంతా దువ్వెనకి వచ్చేసింది! మా వదిన గుండె బాదుకుంది. "డబ్బంతా బూడిదలో పోశాం" అంది. అన్నయ్య నావైపు చూశాడు, డాక్టర్ని మార్చిన పాపం నాదే కదా. అదీ డాక్టరు చెప్పిందే. పైవెంట్రుక రాలిపోతుంది, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకి సన్నగా మొలక, ఆరు నెలలకి కాస్త కంటికి ఆనడం, పూర్తిగా తెలియాలంటే ఏడాది. అప్పటికీ నాటినవన్నీ బతుకుతాయని లేదు. చెరకు ముచ్చె నాటి పన్నెండు నెలలు ఓపిక పట్టే వంశం మాది, నెత్తిమీద పంటకి మాత్రం నెలరోజులు ఆగలేకపోయింది. మా తోటలో పనికొచ్చే ముసలమ్మ మాత్రం, "బాబు నెత్తిమీద నాట్లేసినారంట గదేటమ్మా, మరి కలుపెవులు తీత్తారు?" అని నవ్వేసింది. ఆ ఇంట్లో ఆ నెల నవ్వింది ఆవిడొక్కతే.

ఇంతకీ నా పోట్లాట క్లినిక్కులతో సగమే. మిగతా సగం మనతోనే.

ఆ మూడు సంబంధాలూ తిప్పికొట్టిందెవరు? పిల్లల తండ్రులు కాదు, తల్లులు. మన పిల్లని "రంగు తక్కువ", "జడ పొట్టి" అన్నప్పుడు మనకి మండిపోతుంది. మండాలి కూడా. అదే నోటితో అవతలివాళ్ళ కొడుకుని "బట్టతల" అంటాం. ఒకనాడు మనకి సవరం తగిలించి పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు మగపిల్లలకి నాట్లేసి కూర్చోబెడుతున్నాం. ఇది సమానత్వమని సంతోషించమంటారా?

పైగా మనకి జుట్టంటే ఎంత చిత్రమైన మర్యాదో చూడండి. సింహాచలం వెళ్ళినా తిరుపతి వెళ్ళినా, నడుం దాటిన జడ కూడా కళ్ళు మూసుకుని దేవుడికిచ్చేస్తాం. ఆ జుట్టు వేలంలో అమ్ముడై సముద్రాలు దాటి విగ్గులవుతుంది. 2004లో యూదు మతాచార్యులు ఆ జుట్టు విగ్గులు కూడదంటే, న్యూయార్కు బ్రూక్లినులో ఆడవాళ్ళు వాటిని వీధుల్లో తగలబెట్టారు. భక్తితో ఇచ్చినప్పుడు జుట్టు తృణం. పెళ్ళిచూపుల్లో మాత్రం అదే ప్రాణం!

అన్నట్టు "మీ పుట్టింటి బట్టతల" అందే మా వదిన, దానిమాటా డాక్టర్ని అడిగాను. రెండువైపులనించీ వస్తుందట. అందులో ఒక ముఖ్యమైన జన్యువు మాత్రం మగపిల్లాడికి తల్లినుంచే వచ్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందట. మా వదిన వాళ్ళ నాన్నగారి తల నాకు బాగా గుర్తే. అయినా పైకి అనలేదు. ఆడపడుచు పరువు నిలబెట్టుకున్నాను.

ఇంతలో నాలుగో సంబంధం వచ్చింది. నాటిన జుట్టు రాలిపోయి, నున్నగా ఉన్న రోజులవి. మా వదిన "ఏడాది ఆగమందాం, జుట్టొచ్చాక చూపిద్దాం" అంది. అబద్ధం ఆడమనలేదు, నిజాన్ని వాయిదా వెయ్యమంది, అంతే. మా వాడు మాత్రం వినలేదు. ఆ పిల్లకి తనే ఫోను చేసి, సూదుల దగ్గర్నుంచి దువ్వెన దాకా చెప్పేశాడు.

ఆ పిల్ల కాసేపు ఊరుకుని, "నాకూ పాపిట వెడల్పవుతోందండీ. మా అమ్మ ఎవరితోనూ చెప్పొద్దంది" అందట.

అవునమ్మా, మనకీ ఊడుతుంది. బాలింతలకి మూడోనెల్లో ఊడుతుంది, రక్తం తక్కువైనా థైరాయిడు తేడా చేసినా ఊడుతుంది. చాలావరకు తగ్గిపోయేదే. పాపిట వెడల్పయ్యే రకం వేరు. అందులో చాలామందికి తలంతా పలచబడుతుంది కాబట్టి నాటడానికి నారుమడే గట్టిగా ఉండదు. ముందు రక్తపరీక్ష, తర్వాత చర్మవైద్యుడు. అద్దాల తలుపులు ఆ తర్వాతి మాట.

నాటించుకోవద్దని నేననను. కాలిన మచ్చలున్నవాళ్ళకి ఇది వరం. అద్దంలో మొహం చూసుకోవడానికి జంకే కుర్రాడికి ధైర్యం వస్తుందంటే నాకెందుకు అభ్యంతరం? కానీ తల్లులే దగ్గరుండి అడగండి. కత్తి పట్టేది ఎవరు? ఆయన చదివిందేమిటి? పని అయ్యేదాకా గదిలో ఉంటాడా? ఒంట్లో తేడా చేస్తే చూసుకునే ఏర్పాటుందా? ఊడిపోతున్న మిగతా జుట్టు సంగతేమిటి? ఈ అయిదింటికీ తిన్నగా జవాబు చెప్పని చోట తల పెట్టకండి. వారంలో పెళ్ళిచూపులున్నాయని అసలే పెట్టకండి.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ముందువైపు కొంత వచ్చింది, అనుకున్నంత ఒత్తుగా లేదు. మా వాడు బాగానే ఉందంటాడు. వదిన రోజూ వీడియో ఫోనులో వాడి తల వంచమని చూసుకుంటుంది. ఆ పిల్లా వీడూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెద్దవాళ్ళం ఇంకా మాట్లాడుకోవాలి.

ఈలోగా మీకో మనవి. ఈసారి ఎవరిదైనా పెళ్ళికొడుకు ఫోటో మీ చేతికొస్తే, కనుబొమల కిందనుంచి చూడడం మొదలుపెట్టండి.