విమానం నడపడానికి పట్టా కావాలా?

విమానచోదకుడు కావాలని కోరుకునే విద్యార్థికి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: “ముందు డిగ్రీ పూర్తిచేసి ఆ తరువాత ఆలోచించరాదా?” మన కుటుంబాల్లో పట్టభద్రులు కావడం గౌరవం. కనుక ఈ ప్రశ్న సహజమే. అయితే కళాశాల పట్టా లేనివారు విమానం నడపడానికి అనర్హులా? కారు.

మన దేశంలో పైలట్లకు లైసెన్సు ఇచ్చేది పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్. వాణిజ్య పైలట్ లైసెన్సుకు ఆ సంస్థ పట్టా అడగదు. ఇంటర్మీడియట్ అనండి, పి.యు.సి. అనండి, ప్లస్ టూ అనండి, ఆ చదువును భౌతిక, గణితశాస్త్రాలతో పూర్తిచేయాలన్నది 1990ల నడుమ నుంచి వచ్చిన నియమం. దీనిని సడలించి తక్కిన విద్యార్థులకూ అవకాశమివ్వాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది. అభ్యర్థికి 18 సంవత్సరాలు నిండాలి. 200 గంటలు విమానం నడిపి ఉండాలి. మార్గనిర్ణయం, వాతావరణశాస్త్రం, విమానయాన నిబంధనలు మొదలైన పరీక్షల్లో నెగ్గాలి. వైద్యపరీక్షలో నిలవాలి. ఎంత పెద్ద పట్టా ఉన్నా వీటిలో ఏ ఒక్కటీ తప్పదు.

విమానయాన చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. 1903 డిసెంబరు 17న తొలిసారి 12 సెకండ్లపాటు విమానాన్ని ఎగిరించిన రైట్ సోదరులు కళాశాలలో చదివినవారు కారు. మన దేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సును 1929లో అందుకున్న జె.ఆర్.డి. టాటాకు పట్టా లేదు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో విమానం నడిపి వచ్చినది ఆయనే. అయితే వీరు చదువును నిర్లక్ష్యం చేసినవారని భావించరాదు. రైట్ సోదరులు దొరికిన గ్రంథాలన్నీ చదివారు. స్వయంగా గాలిసొరంగం నిర్మించి, రెక్కల నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు.

“వందలమంది ప్రాణాలు చేతిలో ఉన్నవారికి పెద్దచదువు అక్కరలేదా?” అని కొందరు అడుగుతారు. విజ్ఞానం తప్పక కావాలి. బెంగుళూరు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి చెన్నై గాలికన్న పలుచన. ఎండ ముదిరితే మరింత పలుచబడుతుంది. అప్పుడు అదే బరువుతో నేల విడవడానికి విమానం మరింత దూరం పరుగెత్తాలి. పైలట్ ఈ లెక్క ముందే కట్టాలి. ఈ లెక్కకు మూలమైన సూత్రాలు ఉన్నత పాఠశాల నుంచి ప్లస్ టూ వరకు గల భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి. మిగిలినది శిక్షణలో నేర్పుతారు.

2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయినప్పుడు, కెప్టెన్ సల్లెన్‌బర్గర్ విమానాన్ని హడ్సన్ నదిమీద దించి 155 మందినీ కాపాడారు. ఆయన ఉన్నత పట్టాలు గలవారే. కాని ఆ కొద్ది నిమిషాల్లో అక్కరకు వచ్చినది సుమారు 20,000 గంటల అనుభవం.

అమెరికాలో విమానసంస్థ పైలటుకు సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. గుర్తింపు పొందిన విమానయాన పట్టా గలవారికి కొంత మినహాయింపు ఉన్నది. 1,000 గంటలతో పరిమిత లైసెన్సు ఇస్తారు. అయినా డెల్టా వంటి పెద్ద సంస్థ 2022లో పట్టా తప్పనిసరి అన్న నిబంధనను తొలగించింది.

అయితే పట్టా వల్ల ప్రయోజనమే లేదా? ఉన్నది. పైలట్ శిక్షణకు సుమారు అరకోటి రూపాయలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఖర్చవుతుంది. పొలం తాకట్టుపెట్టి పంపే తల్లిదండ్రులూ ఉన్నారు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతటా విమానాలు నేలకు దిగాయి. చూపు మందగించినా, గుండె జబ్బు వచ్చినా లైసెన్సు నిలవకపోవచ్చు. అటువంటప్పుడు మరొక ఉపాధికి పట్టా దారి చూపుతుంది.

కనుక పట్టాను ఈ వృత్తికి షరతుగా పెట్టరాదు. పెడితే పేదింటి పిల్లలకు మూడేళ్ల కాలం, ధనం అదనపు భారమవుతాయి. పట్టా కావాలనుకున్నవారు దూరవిద్య ద్వారా శిక్షణతోపాటో, తరువాతో పొందవచ్చు. అప్పు చేయకముందే వైద్యపరీక్ష చేయించుకోవడం మాత్రం మరువరాదు.

తెలుగు మాధ్యమంలో చదివే మీకు మరొక మాట. అంతర్జాతీయ మార్గాల్లో విమానం నడిపేవారికి కనీసం నాలుగవ స్థాయి ఇంగ్లీషు ప్రావీణ్యం ఉండాలన్నది 2008 నుంచి అమలులో ఉన్న నియమం. మాతృభాషలో భౌతికశాస్త్రాన్ని చక్కగా గ్రహించిన విద్యార్థికి ఇంగ్లీషు అభ్యాసంతో వస్తుంది. దానికి ఏ కళాశాలలోనో చేరేదాకా ఆగనక్కరలేదు. ఈ తరగతిలోనే ఆరంభించవచ్చు.