మిల్లులో ఉప్పుడు బియ్యం, గిన్నెలో సన్నబియ్యం

యాసంగి వడ్లను పచ్చిగానే మర పట్టిస్తే బియ్యం కంటే నూకల గోలే ఎక్కువ. ఏప్రిల్, మే ఎండలకు గింజ లోపలే పగుళ్లు పడతాయి. అందుకే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మరాడిస్తారు. ఆవిరికి గింజలోని పిండి మెత్తబడి పగుళ్లను అతికేస్తుంది. అదే ఉప్పుడు బియ్యం. బిహార్‌లో ఉస్నా అంటారు, ఒడిశాలో ఉసునా. మన తెలంగాణ మిల్లుల్లో ఈ బస్తాలు మోసే హమాలీల్లో బిహార్ వాళ్లు లేకపోతే ఏమవుతుందో 2020 యాసంగిలో తెలిసొచ్చింది. హోలీకి ఊరెళ్లినవాళ్లు లాక్‌డౌన్‌తో అక్కడే ఆగిపోతే ఇక్కడ కొనుగోలు కేంద్రాల ముందు వడ్లు పేరుకుపోయాయి. చివరికి మే 8న ఖగడియా నుంచి లింగంపల్లికి ప్రత్యేక రైలు వచ్చింది, రెండు వందల మందికి పైగా హమాలీలతో. సరిగ్గా వారం కిందట, మే 1న, దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది కూడా ఆ లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. దేశమంతా వలస కూలీలు ఇళ్లకు పోతున్న రోజుల్లో, మనకోసం ఎదురు వచ్చిన రైలు అది. మంత్రులు స్టేషన్‌కు వెళ్లి మరీ స్వాగతం చెప్పారు. ఆ దిగినవాళ్లు ఇక్కడ ఏం తింటారన్నది ఆనాడూ పెద్దగా చర్చకు రాలేదు, ఈనాడూ రావడం లేదు. పొద్దంతా తన ఊళ్లో తినే బియ్యాన్నే మోసి, రాత్రికి తనది కాని బియ్యం వండుకునే మనిషి గురించే ఈ వారం నా వాదన.

తేడా ఎంతని అడగొచ్చు. అలవాటు లేని మనకు ఉప్పుడు బియ్యపు అన్నం బిరుసుగా ఉంటుంది, అదో రకం వాసన వేస్తుంది. దానితోనే పెరిగినవాళ్లకు మన సన్నబియ్యం అన్నం నోట్లో పెట్టుకోకముందే కరిగిపోయినట్టుంటుంది, రాత్రి మిగిలింది పొద్దుటికి ముద్దవుతుంది. ఒడియా వాళ్లు అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టుకునే పఖాళ మన చద్దన్నానికి వరసకు తోబుట్టువే. దానికి ఉసునా మెతుకైతేనే చెదరకుండా నిలుస్తుంది. ఇదంతా నాలుక గొడవే అనుకుంటే పొరపాటు. 50 కిలోల బియ్యం బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కించేవాడికి అన్నం పొట్టలో ఎంతసేపు నిలుస్తుందన్నది కూలి గిట్టుబాటుకు సంబంధించిన లెక్క. ఉప్పుడు బియ్యం నిదానంగా అరుగుతుందనీ, ఆవిరి పట్టేటప్పుడు పై పొరలోని బి విటమిన్లు కొంత గింజలోకి చేరతాయనీ పోషకాహార నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఇక నూనె. చింతపండు లేని చారు మనకెలాగో, ఆవనూనె ఘాటు లేని కూర బిహారీకి అలాగ.

పరాయి ఊరు పోయినవాడు ఆ ఊరి తిండే తినాలి, మనవాళ్లు గల్ఫ్‌లో ఖుబూస్ తిని బతకలేదా అనేవాళ్లున్నారు. తిన్నారు, కాదనను. అయితే పాలమూరు నుంచి పోయినా కరీంనగర్ నుంచి పోయినా, జనగామ నుంచి పోయినా, డ్యూటీ దిగాక రూములో వంతులు వేసుకుని అన్నం, పప్పు వండుకుంటారు. సెలవు మీద వచ్చి తిరిగిపోయేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించి మామిడి తొక్కు, కారప్పొడి, సకినాలు సర్దుకుంటారు. అమెరికాలో ఉన్న పిల్లలకు పచ్చళ్లు పంపడమే పనిగా కొరియర్ దుకాణాలు నడుస్తున్నాయి, నూనె కారకుండా ప్యాక్ చేయడం వాటి ప్రత్యేక విద్య. దీన్నెవరూ తప్పుబట్టరు. ఇంటి రుచి మీద మమకారం అంటాం, కళ్లు కూడా తుడుచుకుంటాం. అదే మమకారం మిల్లు షెడ్డులో ఆవనూనె సీసా రూపంలో కనిపిస్తే మాత్రం ‘వీళ్లకు మన తిండి పడదు’ అని తేల్చేస్తాం. ఖుబూస్ ఉదాహరణ చెప్పేవాళ్లు దాన్ని చివరిదాకా చెప్పాలి.

ఇంతకంటే బరువైన వాదన ఇంకొకటుంది. ముందు ఆకలి, తర్వాతే రుచి. సర్కారు కడుపు నింపగలదు గానీ ఒక్కొక్కరి నాలుకకు తగ్గట్టు వండిపెట్టలేదు కదా అని. దీనికి జవాబు నేను వెతకక్కర్లేదు, మన సర్కారే చెప్పింది. రేషన్ షాపుల్లో దొడ్డు బియ్యం ఏళ్ల తరబడి ఇచ్చారు. కడుపు నింపడమే లెక్కయితే ఆ బియ్యంతో పని అయిపోవాలి. కాలేదు. జనం తినలేదు. చాలాచోట్ల ఆ బియ్యం ఇంటి గడప దాటకుండానే వ్యాపారి చేతిలో పడి, పాలిష్ పట్టించుకుని మళ్లీ సర్కారు గోదాముకే చేరేది. తినని బియ్యం ఇవ్వడం దండగని ఒప్పుకునే 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు. అది మంచి నిర్ణయమే. ఆకలితో పాటు ఇష్టాయిష్టాలూ తిండి హక్కులో భాగమేనని రాష్ట్రం దానితో ఒప్పుకుంది. ఒప్పుకున్నాక, ఆ సూత్రం తెలంగాణ కార్డున్నవాళ్లకే పనికొస్తుందనీ, కార్డు ఖగడియాదైతే చెల్లదనీ అనడం ఎలా కుదురుతుంది?

నాలుక మారుతుంది కదా అనే మాట కూడా వినిపిస్తుంది. రెండు తరాల కింద మనమూ జొన్న గటక తాగినవాళ్లమే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చి, ఆ తర్వాత బోర్లూ కాలువలూ వచ్చి, వరి అన్నానికి మళ్లాం. నిజమే. కాకపోతే ఆ మార్పు మన ఇళ్లలో, మన పొయ్యి మీద, మనకు తోచిన వేగంతో జరిగింది. నచ్చకపోతే జొన్నలు ఇంట్లోనే ఉండేవి. సీజన్‌కు వచ్చి సీజన్‌తో పోయేవాడికి ఆ వెసులుబాటు లేదు.

‘ఒకే దేశం ఒకే రేషన్’ ఉండనే ఉంది కదా అంటారా? ఆ పథకం పుట్టిన చోట్లలో మనదీ ఒకటి. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ఒక జతగా, మహారాష్ట్ర, గుజరాత్ మధ్య మరో జతగా మొదలైంది. ఇప్పుడు బిహార్ కార్డున్న మనిషి మహబూబాబాద్‌లో వేలిముద్ర వేసి, కేంద్రం మనిషికి ఇచ్చే 5 కిలోల్లో తన వంతు తీసుకోవచ్చు. ఇంటి దగ్గరున్నవాళ్ల వంతు అక్కడే ఉంటుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ కార్డు వచ్చినంత దూరం బియ్యం రకం రాదు. ఇక్కడి షాపులో ఏముంటే అదే. గోధుమల సంగతి వేరు; మనం పెద్దగా పండించం, ఎక్కణ్నుంచో తేవాలి, ఖర్చు ఉంటుంది, అది ఇప్పట్లో కుదరదంటే ఒప్పుకుంటాను. ఉప్పుడు బియ్యానికి ఆ సాకు చెల్లదు. అది ఇక్కడే తయారవుతుంది, ఇక్కడి గోదాముల్లోనే నిల్వ ఉంటుంది. పైగా 2021, 22ల్లో ఢిల్లీతో మన పేచీ అంతా ఏమిటి? ఉప్పుడు బియ్యం ఇక తీసుకోం, తినేవాళ్లకు సరిపడా నిల్వలున్నాయని కేంద్రం అంటే, 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రే ఢిల్లీ వెళ్లి ధర్నాలో కూర్చున్నారు. తినేవాళ్లకోసం అంత దూరం చూశాం గానీ, మన మిల్లు వెనకాల రేకుల షెడ్డులోకి తొంగి చూడలేదు.

బియ్యం ఒక్కటే ఇస్తే సరిపోదు, వండుకునే చోటూ కావాలి. మేడిగడ్డ బరాజ్ కట్టినన్నాళ్లూ, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల థర్మల్ ప్లాంటు లేచినన్నాళ్లూ భూపాలపల్లి ప్రాంతానికి వేరే రాష్ట్రాల కూలీలు వచ్చారు. ఇలాంటి నిర్మాణాల కోసమే 1996లో చేసిన చట్టంలో 34వ సెక్షన్ ఉండేది. కూలీలకు ఉచితంగా బస ఇవ్వాలి, అందులో వంటకు విడిగా చోటు ఉండాలి అని అందులో రాశారు. తర్వాత కార్మిక కోడ్‌లు వచ్చి పాత చట్టాలను కలుపుకున్నాయి గానీ, వంట చేసుకునే చోటు హక్కేనన్న ఆలోచన దాదాపు ముప్పై ఏళ్ల నాటిదని గుర్తు చేస్తున్నాను. క్యాంటీన్ పెడితే చాలదా అంటే చాలదు. క్యాంటీన్‌లో ఎవడో వండింది తినాలి. తన ఊరి వంట తన చేత్తో చేసుకోవాలంటే పొయ్యి, నీళ్లు, సామాను దాచుకునే తాళం పెట్టె ఉండాలి. చిరునామా రుజువు అడగకుండా 5 కిలోల గ్యాస్ సిలిండర్లు అమ్మే ఏర్పాటు ఉంది, తాళం పెట్టెకు ఏ చట్టమూ అక్కర్లేదు.

బజారే అన్నీ చూసుకుంటుందనే నమ్మకం కొందరిది. కొంతవరకు చూసుకుంటుంది కూడా. సత్తు పిండి, ఆవనూనె, చుడువా అమ్మే కిరాణా కొట్లు కూలీలు చేరిన చోటల్లా మొలుస్తాయి. కానీ బజారు ధరకు కొనుక్కోవలసిందైతే రేషన్ కార్డు ఎందుకు, దాన్ని దేశమంతా చెల్లేలా చేయడం ఎందుకు? నేను అడిగేది పెద్ద పథకం కాదు. వచ్చే యాసంగికి జనగామలోనో కేసముద్రంలోనో మిల్లుల దగ్గరి రెండు మూడు రేషన్ షాపుల్లో, సన్నబియ్యం పక్కన ఉప్పుడు బియ్యం బస్తాలు నాలుగు దింపండి. వేలిముద్ర వేసినవాళ్లను ఏది కావాలో అడగండి. ఎంతమంది ఏది పట్టుకెళ్లారో నెలాఖరుకు ఈ-పాస్ మిషనే చెబుతుంది.