లోయ సరే, కోట చూశారా?

మా కల్లూరు కుర్రాళ్లకి కోట అంటే కర్నూలు కొండారెడ్డి బురుజే. 'ఒక్కడు' పుణ్యమా అని రాష్ట్రమంతటికీ దాదాపు అంతే. కానీ ఒక వంశం కట్టుకుని, బతికి, పోగొట్టుకున్న కోట చూడాలంటే జమ్మలమడుగు దగ్గర గండికోటకి పోవాలి. బెంగళూరులో మా టీమ్‌లో సగం మంది వెళ్లొచ్చారు. అందరి ఫోన్లలో ఒకటే ఫొటో: లోయ, పెన్నా, సూర్యోదయం. కోట ఎవరిదిరా అంటే ఒక్కడూ నోరు విప్పలేదు.

పెమ్మసాని వాళ్లది. విజయనగర రాజుల కింద ఈ సీమని ఏలిన నాయకులు. కృష్ణదేవరాయల సేనాని రామలింగ నాయుడు ఈ ఇంటివాడే. కోట వాళ్లకంటే పాతది, 1123లో కాకరాజు అనే ఆయన మొదలుపెట్టాడని చెబుతారు. తర్వాత దాన్ని ఇప్పుడు మనం చూస్తున్న ఎర్ర ఇసుకరాతి గోడలతో పెంచింది పెమ్మసాని వాళ్లేనంటారు.

ఇంజనీరింగ్ చదివినందుకు నా కన్ను ముందు గోడ అడుగుకే పోయింది. పునాది లేదు! నేరుగా కొండరాతి మీదే లేపారు. పడమర, ఉత్తరం వైపు సుమారు 300 అడుగుల లోయ కాపలా. మిగతా వైపు గోడా, బురుజులూ, ఇనప మేకుల తలుపులూ. లోపల గుళ్లు, ధాన్యాగారం, నీళ్లకి చెరువు, కోనేరు. తలుపులు మూసుకుని నెలల తరబడి ఉండటానికే ఇదంతా.

అయినా నిలవలేదు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చిన తిమ్మానాయుడి చేతిలోంచి కోట లాక్కున్నాడు. రెండేళ్లకి ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాసిపెట్టాడు: మీర్ జుమ్లా దగ్గర యూరప్ ఫిరంగి పనివాళ్లు ఉన్నారు, గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి ఫిరంగులు పోయించాలని చూశాడు. లోయ ఎంత లోతున్నా, ఫిరంగి కాలం వచ్చాక కోట కట్టిన లెక్కే మారిపోయింది.

ఓడిన వాళ్ల ఇల్లు ఏమైందో చూడండి. పెమ్మసాని వాళ్లు ఉన్న మహళ్లలో శిథిలాలే మిగిలాయి. మాధవరాయ గుడి గోపురం, రంగనాథుడి గుడి మాత్రం నిలబడే ఉన్నాయి. జామా మసీదు, చిన్న చార్మినార్ వాటి పక్కన చేరాయి. నాకైతే ఇదే గండికోటలో అసలు కథ. ఒకరి కోటలో ఇంకొకరు కాపురం పెట్టినప్పుడు ఏది ఉంచారో, ఏది పోయిందో రాళ్లలోనే కనబడుతుంది.

ఈసారి టెంట్ వేసుకుని పోతే, లోయ దగ్గర ఫోన్ జేబులో పెట్టి ఎండ ముదరకముందే మసీదు దగ్గరికి రండి. అక్కడ నిలబడితే ఒక పక్క ధాన్యాగారం, ఎదురుగా కొంచెం దూరంలో మాధవరాయుడి గోపురం.