క్షమించే హక్కు ఎవరిది?

1996 అక్టోబరు 10, తెల్లవారుజాము. ఉత్తర ఉగాండాలోని అబోకే అనే ఊళ్లో సెయింట్ మేరీస్ ఆడపిల్లల బడి మీద తిరుగుబాటుదారులు పడ్డారు. 139 మంది విద్యార్థినులను అడవిలోకి నడిపించుకుపోయారు. ఆ బడిలో పనిచేసే ఇటలీ సన్యాసిని సిస్టర్ రకేలె ఫస్సేరా ఒక ఉపాధ్యాయుణ్ని తోడు తీసుకుని జాడ పట్టుకుంటూ వాళ్ల వెనకే వెళ్లారు. దళ నాయకుడి ముందు మోకరిల్లి, బతిమాలి 109 మందిని వెనక్కి తెచ్చుకున్నారు. మిగతా 30 మందిని మాత్రం వాళ్లు వదల్లేదు.

ఆ దళం పేరు లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ. ప్రభువు పేరు పెట్టుకున్న సైన్యం. పది ఆజ్ఞల ప్రకారం పాలిస్తానని చెప్పుకున్న జోసెఫ్ కోనీ దాని నాయకుడు. 1980ల చివర్లో మొదలై ఉత్తర ఉగాండాలో రెండు దశాబ్దాలు సాగిన యుద్ధంలో ఆ సైన్యం వేలాది పిల్లలను ఎత్తుకుపోయింది. మళ్లీ ఇంటి ముఖం చూడలేకుండా చేయడానికి వాళ్ల చేతనే అయినవాళ్లను, ఊరివాళ్లను చంపించింది. మరోపక్క ప్రభుత్వం అక్కడి అచోలీ జాతివాళ్ల పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలింది. ఒక దశలో నిరాశ్రయుల సంఖ్య సుమారు 18 లక్షలకు చేరింది.

చంపినవాళ్లు బైబిలు పేరే చెప్పారు. గాయాలకు కట్లు కట్టినవాళ్లూ ఆ పేరే చెప్పారు. కాబట్టి భక్తిని చూసి ఎవరినీ నమ్మలేం. యుద్ధం చితకగొట్టిన నేల మీద క్రైస్తవ పరిచర్య ఏం చేయగలదో, ఎక్కడ తప్పటడుగు వేస్తుందో తెలుసుకోవాలంటే అక్కడ జరిగిన పనినే చూడాలి.

అడవిలో మిగిలిపోయిన ఆ 30 మందిలో ఒక పిల్ల తల్లి ఏంజెలీనా అత్యామ్. లీరా పట్టణంలో నర్సు, పురుళ్లు పోసేవారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు వారం వారం కూడుకుని ప్రార్థన చేసేవారు. ఒకనాడు పరలోక ప్రార్థన చెబుతూ, తమకు కీడు చేసినవారిని తాము క్షమించిన సంగతి దేవుడికి విన్నవించే చోటుకు వచ్చేసరికి ఎవరికీ నోరు పెగల్లేదు. క్షమించకుండానే క్షమించామని దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడతారు? ఆ రోజు ప్రార్థన అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆమె తన కూతుర్ని చెరపట్టిన కమాండరు తల్లిని వెతుక్కుంటూ వెళ్లి, నీ కొడుకునూ నీ వంశాన్నీ క్షమించానని చెప్పి వచ్చారు.

ఇక్కడితో ఆపితే ఇది ఆదివారం ప్రసంగంలో చెప్పుకునే మంచి కథ అవుతుంది. కానీ ఆ తల్లి ఇక్కడ ఆగలేదు. తోటి తల్లిదండ్రులతో కలిసి సంఘం పెట్టి దేశవిదేశాల్లో పిల్లల అపహరణ గురించి గొంతెత్తారు. ఆ ప్రచారం మానుకుంటే నీ కూతుర్ని వదిలేస్తామని తిరుగుబాటుదారులు కబురు పెడితే, అందర్నీ వదిలితేనే అన్నారు. 1998లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల పురస్కారం ఆమెకు వచ్చింది. కూతురు మాత్రం తప్పించుకుని ఇల్లు చేరింది 2004లోనే. క్షమించాను కదా అని ఆ తల్లి ఒక్కరోజూ నోరు మూసుకోలేదు. మన దగ్గరేమో క్షమించడమంటే నోరు మూసుకోవడమే అన్నట్టు బోధిస్తాం. దెబ్బతిన్నవాడి ఇంటికి పెద్దమనుషులు వచ్చి, పోనీలే, కేసు వెనక్కి తీసుకో అని ఒప్పిస్తే దానికి క్షమ అని పేరు పెడతాం. అది వట్టి రాజీ.

ఆ తల్లిలాగే కొందరు మతపెద్దలు కూడా మాటలతో ఆగలేదు. పిల్లలను ఎత్తుకుపోతారన్న భయంతో ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది పిల్లలు పొద్దుగుంకే వేళకు గులు పట్టణానికి నడిచి వచ్చేవారు. బస్టాండులో, దుకాణాల అరుగుల మీద, ఆసుపత్రి ఆవరణల్లో పడుకుని తెల్లారాక తిరిగి వెళ్లేవారు. 2003 జూన్‌లో గులు ఆర్చిబిషప్ జాన్ బాప్టిస్ట్ ఒడామా, ఆంగ్లికన్ విశ్రాంత బిషప్ మెక్లియోడ్ బేకర్ ఒచోలా, మరికొందరు మతపెద్దలు నాలుగు రాత్రులు ఆ పిల్లలతోపాటు బస్టాండులోనే నేల మీద పడుకున్నారు. ప్రపంచం కళ్లు కొంతైనా అటు తిరిగాయి.

వీళ్లంతా అచోలీ మతనాయకుల శాంతి వేదిక సభ్యులు. 1997లో మొదలైన ఆ వేదికలో క్యాథలిక్కులు, ఆంగ్లికన్లు, ఆర్థడాక్స్ వాళ్లతోపాటు ముస్లింలూ ఉన్నారు. ఇటు సైన్యం, అటు తిరుగుబాటుదారులు అనుమానించినా ప్రాణాలకు తెగించి అడవిలోకి వెళ్లి మాట్లాడారు. ఒచోలా కూతురు 1987లో తిరుగుబాటుదారుల అత్యాచారానికి గురై ప్రాణం తీసుకుంది. భార్య 1997లో మందుపాతరకు బలయ్యారు. ఈ సంగతులు ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. అలాంటి మనిషి క్షమ గురించి చెబితే జనం వింటారు. గట్టు మీద నిలబడి చెప్పేవాడి మాటకు ఆ బరువు రాదు.

ఇక గాయం మానడం సంగతి. ప్రార్థనా కూటాలతో అది మానదని అక్కడివాళ్లకు తొందరగానే అర్థమైంది. వరల్డ్ విజన్ 1995లో గులులో తెరిచిన కేంద్రం అడవి నుంచి బయటపడ్డ పిల్లలకు వైద్యం, కౌన్సెలింగ్ ఇచ్చి, కుటుంబాల ఆచూకీ తీసి అప్పగించింది. చెరలో కన్న బిడ్డలను చంకనేసుకుని వచ్చిన అమ్మాయిల పరిస్థితి ఇంకా దారుణం. పుట్టింటివాళ్లే గడప తొక్కనివ్వలేదు. సెయింట్ మోనికా కుట్టు శిక్షణ కేంద్రం బాధ్యతలు 2001లో తీసుకున్న సిస్టర్ రోజ్‌మేరీ న్యిరుంబే, బిడ్డలతో సహా రమ్మని వాళ్లకు రేడియోలో కబురు చెప్పించారు. పిల్లలను చూసుకునే ఏర్పాటు చేసి తల్లులను కుట్టుమిషన్ల ముందు కూర్చోబెట్టారు. కూల్‌డ్రింకు డబ్బాల మూత రింగులతో వాళ్లు అల్లిన చేతిసంచులు విదేశాల్లో అమ్ముడయ్యాయి. ఉపదేశం కంటే చేతిలో పని, సంపాదించుకున్న డబ్బు వాళ్లను నిలబెట్టాయి.

అచోలీలకు మాతో ఒపుట్ అనే పాత ఆచారం ఉంది. హత్య జరిగితే రెండు వంశాల పెద్దలు కూర్చుంటారు. చంపినవాడు జరిగింది ఒప్పుకోవాలి. పరిహారం తేలాలి, చెల్లించాలి. అప్పుడే ఒపుట్ చెట్టు చేదు వేరు కలిపిన పానీయాన్ని రెండు పక్షాలూ ఒకే బుర్ర నుంచి తాగుతాయి. ఒచోలా వంటి బిషప్పులు దీన్ని అన్యాచారమని తోసిపుచ్చకుండా సొంతం చేసుకున్నారు. ఆ వరసలో సయోధ్య చిట్టచివర వస్తుందని గమనించాలి. మొదట నిజం, తర్వాత నష్టపరిహారం.

మతపెద్దలు గట్టిగా పట్టుబట్టి సాధించిన 2000 నాటి క్షమాభిక్ష చట్టం ఈ వరసనే తలకిందులు చేసింది. ఆయుధం వదిలి వస్తే చాలు, విచారణ ఉండదు. వివిధ దళాలకు చెందిన 26 వేల మందికి పైగా దీన్ని వాడుకున్నారు. వారిలో చాలామంది చిన్నప్పుడే అపహరణకు గురైనవాళ్లు, వాళ్లను శిక్షించమని ఎవరూ అడగరు. కానీ తిరిగి వచ్చినవాడికి పరుపు, వంటపాత్రలు, విత్తనాలు, కొంత నగదు ఇచ్చిన ప్రభుత్వం, వాళ్ల చేతుల్లో పెదవులూ చెవులూ కోయించుకున్నవాళ్లకు ఏమిచ్చింది? బాధితుల తరఫున ప్రభుత్వం క్షమించేసింది. ఇక్కడే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జోక్యాన్ని మతపెద్దలు వ్యతిరేకించడం కూడా చర్చించాల్సిన విషయం. వారెంట్లు వస్తే అడవిలో ఉన్నవాళ్లు బయటికి రారని, పిల్లలు అక్కడే చిక్కుకుపోతారని వాళ్ల భయం. అది ఉత్తి భయం కాదు. అయినా పగ మానుకోవడం బాధితుడి ఇష్టం, శిక్ష వేయడం చట్టం పని. మొదటిది జరిగింది కాబట్టి రెండోది అక్కర్లేదనడం తప్పు.

డొమినిక్ ఒంగ్వెన్ కేసు చూడండి. బడికి వెళ్తున్న పసివాణ్ని ఎత్తుకుపోయి కమాండర్‌గా మార్చారు. 2021లో హేగ్‌లోని ఆ అంతర్జాతీయ కోర్టు యుద్ధ నేరాలు, మానవత్వానికి వ్యతిరేకమైన నేరాల కింద 61 అభియోగాల్లో దోషిగా తేల్చి, అతని బాల్యాన్నీ లెక్కలోకి తీసుకుని 25 ఏళ్ల జైలు వేసింది. అతని మీద జాలిపడవచ్చు, క్షమించవచ్చు, అయినా శిక్షా పడాలి. మూడూ ఒకేసారి సాధ్యమేనని ఆ తీర్పు చూపింది.

అదే కోర్టు 2024 ఫిబ్రవరిలో సుమారు 50 వేల మంది బాధితులకు ఐదు కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మనిషికి దక్కేది 750 యూరోలు. ఒంగ్వెన్ దగ్గర చిల్లిగవ్వ లేదు కాబట్టి ఆ సొమ్మును బాధితుల నిధి విరాళాలతో సమకూర్చాలి. క్షమ గురించి ప్రపంచమంతా ప్రసంగించే సంఘాలకు ఇంతకంటే సూటి పరీక్ష లేదు.

మన సంఘాలూ యుద్ధ ప్రాంతాల పరిచర్యకు కానుకలు పడుతుంటాయి. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ క్షమ గురించి మాట్లాడుతున్నది దెబ్బతిన్నవాళ్లా, బయటివాళ్లా? చేసిన నేరం నలుగురి ముందు ఒప్పుకునే ఏర్పాటుందా? బాధితుల చేతికి ఏం అందుతోంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని పరిచర్యకు మీ డబ్బు ఇవ్వకండి. బాధితుడికి రావాల్సింది ఇప్పించకుండా అతని క్షమను మాత్రం అడిగేవాళ్లు, ఎన్ని ప్రార్థనలు చేసినా, నేరస్థుడి పక్షాన నిలబడ్డవాళ్లే.